ముందు గాలి తియ్యండి, తర్వాత డబ్బు

మా మేనల్లుడు మహీంద్రా థార్ జీపు బుక్ చేశాడు. బండి ఇంకా చేతికి రాలేదు. ఈలోగానే ఒక యాక్సెసరీస్ షాపుకి వెళ్లి కొటేషన్ రాయించుకుని నాకు వాట్సాప్‌లో పంపాడు. ముందు స్టీలు బంపర్, దానికి వించి (కూరుకుపోయిన బండిని తాడు చుట్టుకుంటూ లాగే మోటారు), బండిని రెండంగుళాలు ఎత్తు చేసే లిఫ్ట్ కిట్, మడ్ టైర్లు, స్నార్కెల్ (ఇంజిన్ పైనుంచి గాలి పీల్చే గొట్టం), పైన రూఫ్ ర్యాక్, ర్యాక్ మీద లైట్ బార్, వెనక నిచ్చెన, పక్కన జెర్రీ క్యాన్. అన్నీ కూడితే బండి ధరలో నాలుగో వంతు దాటింది. కింద ఒక ప్రశ్న: "మావయ్యా, ఇంకేమన్నా మర్చిపోయానా?"

చాలానే మర్చిపోయాడు. టైర్లో గాలి చూసుకునే గేజి లేదు. గాలి నింపే కంప్రెసర్ లేదు. కూరుకుపోతే లాగడానికి సరైన తాడు లేదు. పార లేదు. ఇవన్నీ కలిపి కొన్నా ఆ బంపర్ ఒక్కదాని ఖరీదు కావు. షాపువాడు వీటి ఊసెత్తలేదంటే ఆశ్చర్యం లేదు, వీటిలో వాడికి మిగిలేదేముంది? పైగా ఇవి డిక్కీలో పడి ఉంటాయి, ఫొటోల్లో కనబడవు.

మేనల్లుడికి ఫోన్లో చెప్పినదంతా కొంచెం తీరిగ్గా ఇక్కడ రాస్తున్నాను. నా వాదన ఇంతే. రోడ్డు దిగిన బండిని ఆపేది చాలాసార్లు దాని బరువే. కాబట్టి బరువు పెంచే సామాను కొనేముందు, బరువు పెరగకుండా పట్టు పెంచే పనులన్నీ అయిపోయాయా అని చూసుకోవాలి. అవన్నీ అయ్యాక కూడా ఇంకేదో కావాలనిపిస్తే, అప్పుడు షాపుకి వెళ్లొచ్చు. నాకు తెలిసినవాళ్లలో చాలామందికి ఆ అవసరం రాలేదు. ఈ వాదన ఎక్కడెక్కడ బెడిసికొడుతుందో కూడా రాస్తాను.

మన నేల ఎలాంటిది

ఆఫ్‌రోడింగ్ వీడియోలు చూస్తే ఎర్రటి ఎడారో, బండరాళ్ల గుట్టలో కనిపిస్తాయి. అవి చూసి సామాను ఎంచుకుంటే మన దగ్గర సగం పనికిరాదు. మనకున్నవి వేరు. పల్నాడు, కర్నూలు, ఆదిలాబాద్ వైపు నల్లరేగడి. గోదావరి, కృష్ణ, పెన్నలో ఇసుక తిన్నెలు. డెల్టాలో వాన పడితే సబ్బులా జారే కాలువగట్లు. పాడేరు, మారేడుమిల్లి వైపు ఏజెన్సీలో రాళ్లు తేలిన ఎత్తుదారులు, మధ్యలో వాగులు. ఒక్కోదానికి ఒక్కో మందు. ఇసుకకి పనిచేసేది రేగడికి పనిచెయ్యదు.

రేగడి సంగతి ముందు చెప్తాను, ఎందుకంటే అది నా వాదనని కూడా కొంచెం ఇబ్బంది పెడుతుంది. ఒకసారి మిరపకాయలు కల్లాల్లో ఆరుతున్న రోజుల్లో పల్నాడులో అకాల వాన పడింది. తెల్లారి మేం ఒక పొలం దారిలో వెళ్తుంటే ముందు ఒక కొత్త బండి ఆగిపోయి ఉంది. ఖరీదైనదే, ఫోర్ బై ఫోరే. హైవే టైర్లు. గాడుల్లో రేగడి నిండిపోయి నాలుగు టైర్లూ నున్నగా, నల్లగా గుండ్రాళ్లలా తయారయ్యాయి. ఓనరు ఎంత యాక్సిలరేటర్ తొక్కితే అంత లోపలికి దిగుతోంది. పక్క చేలో రైతు కాసేపు చూసి అన్నాడు: "నాలుగు చక్రాలూ తిరగతన్నయ్ సార్, పట్టు ఒక్కదానికీ లేదు." ఇంజిన్ శక్తి నాలుగు చక్రాలకీ చేర్చడం ఫోర్ బై ఫోర్ పని. చక్రం నుంచి నేలకి చేర్చడం టైరు పని. ఆ రెండో పని జరగనప్పుడు మొదటిది ఎంత బాగా జరిగినా ఒకటే.

రేగడిలో బంకమట్టి నీళ్లు తాగి ఉబ్బుతుంది, అంటుకుంటుంది. ఇక్కడ గాలి తగ్గించినా పెద్ద లాభం ఉండదు. వెడల్పాటి గాడులుండి, తిరుగుతున్నప్పుడు మట్టిని తనంతట తనే విసిరేసే మడ్ టైరు కొంత నయం. కానీ రేగడిలో నాకు తెలిసిన మంచి ఉపాయం ఆగడం. ఎండ గట్టిగా కాస్తే పై పొర బిగుసుకుని దారి దానంతటదే బాగవుతుంది. ఆ నేలలోనే బతికే రైతు కూడా వాన తెల్లారి ట్రాక్టర్ దింపడానికి రెండుసార్లు ఆలోచిస్తాడు. వారాంతానికి వచ్చిన మనకి మాత్రం ఆదివారం సాయంత్రానికి తిరిగి వెళ్లిపోవాలి, అదే ఇబ్బంది.

ఏ బండి

ప్రస్తుతం మన దగ్గర, కోటీశ్వరుల బండ్లు పక్కనపెడితే, లో రేంజ్ గేరుతో (నెమ్మదిగా, ఎక్కువ బలంతో లాగే రెండో గేరు వరస) దొరికే ఫోర్ బై ఫోర్‌లు చేతివేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. జిమ్నీ, థార్, థార్ రాక్స్, స్కార్పియో-ఎన్, గూర్ఖా. పైన ఇసుజు వీ-క్రాస్, హైలక్స్ లాంటి పికప్‌లు, ఫార్చునర్. ఆల్ వీల్ డ్రైవ్ అని రాసుండే తక్కినవి తడి ఘాట్ రోడ్డుకి బాగానే ఉంటాయి గానీ లో రేంజ్ లేకుండా రాళ్ల ఎత్తు ఎక్కించడం క్లచ్చికో గేర్‌బాక్సుకో శిక్ష.

బరువులు చూడండి. జిమ్నీ సుమారు 1,200 కిలోలు. మూడు తలుపుల థార్ 1,700 పైమాట. ఫార్చునర్ ఫోర్ బై ఫోర్ రెండు టన్నులు దాటుతుంది. జిమ్నీ కూరుకుపోతే నలుగురు మనుషులు, ఒక పార ఉంటే తరచుగా పనైపోతుంది. రెండు టన్నుల బండి కూరుకుపోతే ట్రాక్టర్ కోసం ఊళ్లోకి నడవాల్సిందే. నేను బరువు బరువు అని గొడవ చేసేది ఇందుకే.

జిమ్నీ విషయంలో మనవాళ్ల తీరు నాకు ఎప్పుడూ వింతే. 2023 జూన్‌లో ఐదు తలుపులతో వచ్చింది. ముందూ వెనకా గట్టి యాక్సిల్, నిచ్చెన లాంటి లాడర్ ఫ్రేమ్, 210 మిల్లీమీటర్ల గ్రౌండ్ క్లియరెన్స్, లో రేంజ్, అన్నీ ఉన్నాయి. "బుడ్డ బండి, ఈ డబ్బుకి ఇంత పెద్ద బండి వస్తుంది" అని మనవాళ్లు చేతులు చాపి చూపించారు, కొనలేదు. ఇక్కడ తయారైన అదే బండిని 2025 జనవరిలో జపాన్‌లో పెడితే నాలుగు రోజుల్లో 50 వేల ఆర్డర్లు వచ్చి, బుకింగులు ఆపేశారు.

అయితే మనవాళ్ల మాటలో నిజం లేదని కాదు. హైదరాబాద్ నుంచి అరకు ఏడు వందల కిలోమీటర్ల పైచిలుకు. అందులో రోడ్డు దిగి నడిపేది ఎంత? జిమ్నీలో 1.5 లీటర్ పెట్రోల్ ఇంజిన్, 105 గుర్రాల శక్తి, మాన్యువల్ అయితే ఐదు గేర్లు, ఆటోమేటిక్ అయితే నాలుగే. నలుగురు మనుషులు, లగేజీ ఎక్కించి హైవే మీద లారీని దాటాలంటే ముందు నుంచే ప్లాన్ చేసుకోవాలి. నలుగురున్న కుటుంబానికి ఒకటే బండి అనుకుంటే నేను కూడా డీజిల్ థార్ రాక్స్ వైపే చూస్తానేమో. ఒక బండి ఇంట్లో ఉండి రెండోది సరదాకి కొంటున్నవాడికి మాత్రం జిమ్నీ కన్నా మంచి సలహా నా దగ్గర లేదు.

గూర్ఖా వేరే జాతి. ముందూ వెనకా రెండు డిఫరెన్షియల్స్‌నీ (ఎడమ, కుడి చక్రాలకి బలం పంచే గేర్లు) లాక్ చేసుకునే ఏర్పాటు, స్నార్కెల్, అన్నీ కంపెనీ నుంచే వస్తాయి. నిజంగా దారి లేని చోట పని ఉన్నవాడికి, అంటే కొండ మీద కాఫీ తోట ఉన్నవాడికో సర్వే పని చేసేవాడికో అది సరైన బండి. వారానికోసారి గండిపేట దాకా వెళ్లొచ్చేవాడికి దాని సౌకర్యం, సర్వీసు దూరం విసుగు పుట్టిస్తాయి.

పాత జిప్సీ మీద మోజున్నవాళ్లు కూడా ఉన్నారు. 1985లో వచ్చి 2019 నాటికి అమ్మకాలు ఆగిపోయిన బండి. టన్ను బరువు, కొండలెక్కడంలో దాన్ని మించిన మేకపిల్ల ఇంకోటి రాలేదు. కానీ ఇప్పుడు దొరికేవాటిలో ఛాసిస్ తుప్పు, కాగితాల గొడవ లేనివి తక్కువ. పదిహేనేళ్లు దాటిన బండికి ఆర్‌సీ రెన్యువల్ అయిందో లేదో చూడకుండా అడ్వాన్స్ ఇవ్వకండి.

వేరియంట్ ఎంచుకునేటప్పుడు ఎవరూ పట్టించుకోని సంగతి ఒకటుంది, చక్రం సైజు. టాప్ మోడల్‌కి పెద్ద అల్లాయ్ వీల్ వస్తుంది, చూడ్డానికి బావుంటుంది. మూడు తలుపుల థార్‌లో 16 అంగుళాల చక్రానికి వచ్చే 245/75 టైరు పక్కగోడ ఎత్తు లెక్కేస్తే (245లో 75 శాతం) 184 మిల్లీమీటర్లు. 18 అంగుళాల చక్రానికి వచ్చే 255/65 టైరుకి 166. రాక్స్ పై వేరియంట్లలో 19 అంగుళాల చక్రానికి 255/60 టైరు, అంటే 153. ఈ పక్కగోడే గాలి తగ్గించినప్పుడు వంగి నేలని పట్టుకునేది, రాయి తగిలినప్పుడు రిమ్‌ని కాపాడేది. ఎక్కువ డబ్బు పెట్టి కొన్న మోడల్ రోడ్డు దిగాక తక్కువ పనికొస్తుందన్నమాట. షోరూంలో ఈ ముక్క ఎవరూ చెప్పరు.

ఆ రెండో గేరు కర్ర

బొర్రా గుహల దగ్గర నుంచి కటికి జలపాతానికి టూరిస్టుల్ని తీసుకెళ్లే జీపులు చూశారా? పాత జీపులు, వాటి వయసు డ్రైవర్లకి కూడా సరిగ్గా తెలియదు. లైట్ బార్ లేదు, లిఫ్ట్ లేదు. రాళ్ల మీద ఊగుతూ, మొదటి గేరులో, తాపీగా వెళ్లిపోతాయి. ఒక డ్రైవర్ పక్కన కూర్చుని వెళ్తున్నప్పుడు ఒక ఎత్తు దగ్గర ఆయన యాక్సిలరేటర్ మీంచి కాలు తీసేయడం గమనించి అడిగాను. "నొక్కితే ఎక్కదు సార్, వదిలితే ఎక్కుతుంది" అన్నాడు.

రెండో గేరు కర్రతో వేసే లో రేంజ్ పని అదే. ఇంజిన్ అదే, శక్తి అదే, కానీ చక్రం దగ్గర వేగం తగ్గి తిప్పే బలం పెరుగుతుంది. మొదటి గేరులో క్లచ్చి పూర్తిగా వదిలేస్తే బండి మనిషి నడకకన్నా నెమ్మదిగా, ఆగకుండా పాకుతుంది. దిగేటప్పుడు దీని విలువ ఇంకా ఎక్కువ. నిటారు దిగుడులో బ్రేకు తొక్కితే చక్రం బిగుసుకుని జారుతుంది. లో రేంజ్ మొదటి గేరులో వేసి, బ్రేకు, క్లచ్చి ముట్టుకోకుండా వదిలేస్తే ఇంజినే పట్టి ఉంచుతుంది. కొత్తవాళ్లకి దీనికి ధైర్యం రావడానికి టైం పడుతుంది, కాలు ఊరుకోదు.

ఒక చక్రం గాల్లో లేస్తే ఏమవుతుందనేది రెండో విషయం. మామూలు డిఫరెన్షియల్ సులువుగా తిరిగే చక్రానికే తిప్పుడు పంపుతుంది. కర్ణంగా రెండు చక్రాలు, ముందు ఎడమది, వెనక కుడిది, తేలిపోతే ఫోర్ బై ఫోర్ అయినా అక్కడే నిలబడి గిరగిరా తిరుగుతుంది. జిమ్నీలో కంప్యూటరు ఆ తిరిగే చక్రానికి బ్రేకు వేసి రెండోదానికి బలం మళ్లిస్తుంది. అది పనిచెయ్యడానికి కాసేపు పడుతుంది, చాలామంది అప్పుడే భయపడి యాక్సిలరేటర్ వదిలేస్తారు. కొంచెం పట్టి ఉంచితే కదులుతుంది. గూర్ఖాలో లాగా లాకర్ ఉంటే ఈ ఎదురుచూపు లేదు. అందుకే ఎవరైనా బరువైన సామాను ఒక్కటి, ఒక్కటే, కొంటానంటే నా ఓటు వెనక లాకర్‌కి. లిఫ్ట్ కిట్‌కి ఎంతమాత్రం కాదు.

ఇంకో చిన్న మాట. థార్, జిమ్నీ, గూర్ఖా మూడింటిలోనూ ఉన్నది అవసరమైనప్పుడు మాత్రమే వేసుకునే ఫోర్ వీల్. ఘాట్ రోడ్డు ఎక్కుతున్నాం కదా అని పొడి తారు మీద ఫోర్ హై (మామూలు వేగానికి వాడే ఫోర్ వీల్) వేసుకుని నడిపేవాళ్లని చూశాను. మలుపులో ముందు చక్రాలు, వెనక చక్రాలు వేర్వేరు దూరాలు తిరగాలి. పొడి తారు మీద ఆ తేడా జారిపోయే దారి లేక గేర్లన్నీ మెలిపడతాయి. మట్టి మీదా ఇసుక మీదా వాడుకోండి.

టైరు, గాలి

ఇక అసలు విషయం. 1,800 కిలోల బండి అనుకోండి, టైరుకి 450 కిలోలు పడుతుంది. 32 పీఎస్‌ఐ గాలి అంటే చదరపు సెంటీమీటరుకి సుమారు రెండుంబావు కిలోలు. అంటే లెక్క ప్రకారం ఒక్కో టైరు నేలని తాకే చోటు 200 చదరపు సెంటీమీటర్లు. గాలి 16కి దించితే ఆ చోటు 400 అవుతుంది. టైరు సొంత గట్టిదనం వల్ల నిజంలో సరిగ్గా రెట్టింపు కాదు గానీ ఆ దిశలోనే పెరుగుతుంది, ముఖ్యంగా పొడుగులో. పైసా ఖర్చు లేదు, కిలో బరువు పెరగలేదు. చెప్పులు విడిచి, వేళ్లు విప్పి మడిలో నడిచే మనిషికీ బూట్లేసుకుని దిగినవాడికీ ఎంత తేడానో ఇక్కడా అంతే.

నేను పాటించే లెక్కలు చెప్తాను, మీ బండి బరువుని బట్టి మార్చుకోండి. గులకరాళ్ల మట్టిరోడ్డుకి 24, 25. రాళ్ల ఎత్తులకి 20 అటూఇటూ. మెత్తటి ఇసుకకి 15 నుంచి 18. అంతకన్నా తగ్గిస్తే మలుపులో టైరు రిమ్ నుంచి ఊడొచ్చే ప్రమాదం ఉంది, ఇసుకలో నిలబడి దాన్ని మళ్లీ ఎక్కించడం ఎవరికీ వద్దు. తక్కువ గాలితో ఉన్నంతసేపూ నలభై దాటి వేగం వద్దు, స్టీరింగ్ గట్టిగా తిప్పొద్దు. తిరిగి తారెక్కగానే గాలి నింపాలి. కంప్రెసర్ లేనివాడు గాలి తియ్యడు, అసలు చిక్కు అక్కడే. దగ్గర్లో పంక్చర్ షాపు ఉండదనే భయంతో నిండు గాలితోనే ఇసుకలోకి దిగుతాడు. అందుకే మొదటి కొనుగోలు కంప్రెసర్. సిగరెట్ లైటర్ సాకెట్లో పెట్టే బొమ్మలాంటిది కాదు, బ్యాటరీకి నేరుగా క్లిప్పులు తగిలించేది. లేకపోతే నాలుగు టైర్లు నింపేసరికి ఫ్యూజ్ పోతుంది.

టైర్లు మారిస్తే ఏవి? ఏటీ, అంటే ఆల్ టెరెయిన్. మడ్ టైర్లు ఫొటోలో గంభీరంగా ఉంటాయి. హైవే మీద అవి పాడే పాట ఏడు వందల కిలోమీటర్లు వినాలి. అది భరించొచ్చు. తడి తారు మీద బ్రేకు వేస్తే ఇంకాస్త ముందుకి వెళ్లి ఆగడం మాత్రం భరించేది కాదు. మన డ్రైవింగులో నూటికి తొంభై పాళ్లు తారే. రేగడి పొలాల మధ్యే ఇల్లున్నవాడి సంగతి వేరు, ఆయన మడ్ టైర్లే వేసుకోవాలి.

స్టెప్నీ మిగతా నాలుగు టైర్లతో సమానమైన సైజుదే ఉండాలి. వేరే సైజు టైరుతో ఫోర్ వీల్ వేస్తే పైన చెప్పిన మెలి సమస్య ఇక్కడ కూడా వస్తుంది. టైర్లు మార్చేటప్పుడు డబ్బు కలిసొస్తుందని నాలుగే కొనేవాళ్లు ఎక్కువ.

లాగడం

కూరుకుపోవడం తప్పు కాదు. కూరుకుపోయాక అక్కడ చేసే పనుల్లోనే ప్రమాదం ఉంది.

ఊళ్లో ట్రాక్టర్ వస్తుంది. మంచివాళ్లు, డబ్బు కూడా అడగరు. కానీ ఇనప గొలుసు తెస్తారు, దాన్ని చేతికి దొరికిన చోట, స్టీరింగ్ రాడ్డుకో, బంపర్‌కో, బండిని ఓడలో రవాణా చేసేటప్పుడు కట్టడానికి పెట్టిన చిన్న కొక్కేనికో తగిలిస్తారు. తర్వాత ఒక్కసారిగా ఎగలాగుతారు. గొలుసు సాగదు. ఏదో ఒకటి తెగాలి. తెగిన ఇనుము ఎటు ఎగిరొస్తుందో ఎవరూ చెప్పలేరు. వెనక టో బాల్‌కి (ట్రైలర్ తగిలించే గుండు) తాడు తగిలించి లాగితే అది విరిగి ఎగిరొచ్చి మనుషులు చనిపోయిన ఘటనలు ఆస్ట్రేలియాలో ఉన్నాయి.

అందుకే బండి కొన్న రోజే మాన్యువల్ తీసి, ముందూ వెనకా లాగడానికి కంపెనీ ఇచ్చిన కొక్కేలు ఎక్కడున్నాయో వంగి చూడండి. అవి ఛాసిస్‌కి బిగించినవై ఉండాలి. మన తాడు మనమే తీసుకెళ్లాలి. కైనెటిక్ తాడు అని దొరుకుతుంది, నైలాన్‌ది, సాగుతుంది. సాగి, ఆ శక్తిని దాచుకుని, మెల్లగా బండిని బయటికి తీస్తుంది. మామూలు టోయింగ్ పట్టీ ఆ పని చెయ్యదు. రెండు మెత్తని షాకిల్స్ (తాడుని కొక్కేనికి తగిలించే తాడు ఉంగరాలు), ఒక పార, రెండు ట్రాక్షన్ బోర్డులు (చక్రం కింద పెడితే పట్టు దొరికే పలకలు). లాగేటప్పుడు జనం తాడు పొడుగుకి ఒకటిన్నర రెట్లు దూరంలో ఉండాలి. వీడియో తీసే కుర్రాళ్లు సరిగ్గా తాడు పక్కనే నిలబడతారు, వాళ్లని కసిరి పంపడం కూడా మన పనే.

ఇవన్నీ చేసేముందు గాలి ఇంకాస్త తీసి, చక్రాల ముందు తవ్వి, వచ్చిన గాడిలోనే రివర్సులో వెనక్కి ప్రయత్నించండి. సగం సార్లు తాడు విప్పే అవసరం రాదు.

వించి విషయంలో నాకే స్పష్టత తక్కువ. బండి నిండు బరువుకి ఒకటిన్నర రెట్లు లాగగలిగేది కావాలంటారు. దానికి తోడు స్టీలు బంపర్. రెండూ కలిసి ముందు యాక్సిల్‌కి ముందు వేలాడే బరువు, ఇసుకలో మూతి ముందు దిగేది ఇందుకే. పైగా దాన్ని కట్టడానికి ఎదురుగా చెట్టో రాయో ఉండాలి. గోదావరి తిన్నె మీద దేనికి కడతారు? రెండు బండ్లుగా వెళ్లేవాళ్లకి అది దండగ అని గట్టిగా చెప్తాను. ఉద్యోగరీత్యా ఏజెన్సీలో ఒంటరిగా తిరగాల్సిన మనిషి అడిగితే మాత్రం వద్దని చెప్పలేను. అక్కడ చెట్లున్నాయి, సిగ్నల్ లేదు.

లిఫ్టు, బంపరు, చట్టం

లిఫ్ట్ కిట్ బండిని ఎత్తుగా చూపిస్తుంది. గురుత్వ కేంద్రాన్ని కూడా పైకి తీసుకెళ్తుంది, ఏటవాలుగా వెళ్లేటప్పుడు అది తెలుస్తుంది. డ్రైవ్ షాఫ్టుల కోణాలు మారతాయి, హైవే మీద స్టీరింగ్ తేలిపోతుంది. మూడు తలుపుల థార్‌కి కంపెనీ ఇచ్చిన 226 మిల్లీమీటర్ల ఎత్తు తక్కువై ఆగిపోయిన సందర్భం మనలాంటివాళ్లకి ఎన్నిసార్లు వచ్చింది? దారి సరిగ్గా ఎంచుకోకపోవడం వల్ల తగిలిన రాళ్లే ఎక్కువ. ఒకరు దిగి ముందు నిలబడి చేతులతో దారి చూపిస్తే రెండంగుళాలు ఉచితంగా వచ్చినట్టే.

మోటారు వాహనాల చట్టం, 1988లో 52వ సెక్షన్ ఆర్‌సీలో ఉన్న వివరాలకి, తయారీదారు ఇచ్చిన రూపానికి తేడా వచ్చేలా బండిని మార్చకూడదంటుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే గట్టిగా చెప్పింది. ముందు తగిలించే క్రాష్ గార్డుల మీద 2017 డిసెంబరులోనే కేంద్రం రాష్ట్రాలకి రాసింది. పోలీసులు ఆపుతారా లేదా అన్నది అదృష్టం. బంపర్ చితికి దెబ్బని తాను తీసుకోవడానికి చేసింది, దాని స్థానంలో చితకని స్టీలు పెడితే ఆ దెబ్బ ఎదుటి పాదచారికీ మన ఛాసిస్‌కీ పోతుంది. ఇన్సూరెన్స్ వాళ్లకి చెప్పకుండా చేసిన మార్పు క్లెయిమ్ రోజున బయటపడుతుంది.

"నా బండి, నా డబ్బు, నాకు అలా ఉంటేనే ఇష్టం" అంటే నేను కాదనను. అలంకారం తప్పు కాదు. అలంకారాన్ని అవసరం అని అమ్మడం మీదే నా కోపం.

నీళ్ల దగ్గర నా వాదన ఓడిపోతుంది

తేలిక బండి అన్నిచోట్లా మంచిదని చెప్పుకుంటూ వచ్చాను. వాగులో కాదు. నాలుగు మీటర్ల పొడుగు, 1.7 మీటర్ల వెడల్పున్న బండి అడుగుభాగం దాటి ప్రతి 10 సెంటీమీటర్ల నీళ్లకీ దాదాపు 680 కిలోల తేలుడు బలం వస్తుంది, లోపలికి నీళ్లు రానంతవరకు. 1,200 కిలోల బండి అడుగు దాటి 18 సెంటీమీటర్ల నీళ్లకే తేలిపోతుందన్నమాట. తేలిందంటే ఫోర్ బై ఫోర్ లేదు, లాకర్ లేదు, పడవే, తెడ్డు లేని పడవ. రెండు టన్నుల బండికి ఇంకో 11, 12 సెంటీమీటర్లు అదనంగా దొరుకుతాయి, అంతే.

థార్‌కి 650 మిల్లీమీటర్లు, గూర్ఖాకి 700 అని బ్రోషర్లో రాస్తారు. అది నిలిచిన నీటి లెక్క. వానాకాలం చప్టా మీద పారే నీటికి వర్తించదు. స్నార్కెల్ ఇంజిన్ పీల్చే గాలిని మాత్రమే కాపాడుతుంది, బండిని పట్టి ఉంచదు. స్నార్కెల్ ఉంది కదా అనే ధీమాయే దాని అసలు ప్రమాదం. నడిచి దాటలేని నీళ్లని బండితో దాటకూడదు. ఇంజిన్ నీళ్లు మింగి ఆగితే మళ్లీ స్టార్ట్ చెయ్యొద్దు, కనెక్టింగ్ రాడ్లు వంగుతాయి. ఆ ఖర్చు మామూలు పాలసీలో రాదు, ఇంజిన్ ప్రొటెక్షన్ విడిగా తీసుకోవాలి. రూఫ్ ర్యాక్ డబ్బుతో దాని ప్రీమియం కొన్నేళ్లు కట్టొచ్చు.

ఎక్కడికి వెళ్లాలి

ఇంత చేశాక ఇంకో నిజం. ఏజెన్సీలో చాలా ఊళ్లకి ఇప్పుడు తారో సిమెంటో పడింది. మామూలు కారు వెళ్తుంది. మిగిలిన దారులు ఎక్కువగా రిజర్వ్ ఫారెస్టులో ఉన్నాయి. అక్కడికి అనుమతి లేకుండా దిగడం నేరం. పాపికొండలు నేషనల్ పార్కు, నల్లమల టైగర్ రిజర్వు, కవ్వాల్, వీటిలో ఇంకా కఠినం. "ఎవరూ చూడలేదు" అని వీడియో పెట్టి, ఆ వీడియోతోనే దొరికిపోయేవాళ్లున్నారు.

డబ్బు మిగిలితే నేర్చుకోవడం మీద పెట్టమంటాను. ఇగత్‌పురిలో మహీంద్రావాళ్ల ఆఫ్‌రోడ్ శిక్షణ కేంద్రం ఉంది. అంత దూరం వద్దనుకుంటే దగ్గర్లో ఉన్న క్లబ్బు వాళ్లతో వెళ్లండి, వాళ్లు సొంత స్థలాల్లో ట్రాకులు పెడతారు.

సముద్రతీరం మీద నడపాలనే సరదా అందరికీ ఉంటుంది. మన కోస్తాలో చలికాలం నుంచి వేసవి మొదలుదాకా ఆలివ్ రిడ్లీ తాబేళ్లు రాత్రిపూట వచ్చి ఇసుకలో గుడ్లు పెడతాయి. పైనుంచి చూస్తే గూడు ఎక్కడుందో తెలియదు, టైరు వెళ్తే లోపల అన్నీ పోతాయి. ఇసుకలో నడపడం నేర్చుకోవాలంటే తెలిసినవాళ్ల పొలం అడగండి. వేసవిలో దున్ని వదిలేసిన ఎర్రచెలక నేల ఇసుకకి ఏమాత్రం తీసిపోదు, కూరుకుపోతే లాగడానికి ట్రాక్టర్ కూడా పక్కనే ఉంటుంది. తాడు మాత్రం మీదే తీసుకెళ్లండి.